చెంచా వెనక చేప

రాయపూర్ దగ్గర మన తెలుగువాళ్ల బస్తీ క్యాంప్ 1లో పాత వెండి సంగతి ఎవరు ఎత్తినా చివరికి గణపతిరావు కొట్లోనే తేలాలి. చెంచా చేతిలో పెడితే చాలు, బోర్లా తిప్పి కాడ వెనక ముద్ర చూసి, ఇది బొబ్బిలి పనా, కటకం పనా, ఏ షావుకారు రాయపూర్‌కి రప్పించి అమ్మాడు, అన్నీ గడగడా చెప్పేస్తాడు. ప్రతి ముద్ర మీదా పల్చటి కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది, నోటుపుస్తకంలో అంటించుకుంటాడు. నలభై ఏళ్ల పుస్తకం. అందులో లేనివాడు అసలు పనివాడే కాడని ఆయనగారి గొప్ప. ఆ గొప్పలు వినలేక వీధి వీధంతా విసిగిపోయింది గానీ, ఎదురు చెప్పేంత తెలిసినవాడు ఒక్కడూ లేడు మరి!

మొన్న సోమవారం పొద్దున్న, చంటివాణ్ణి చంకనేసుకుని ఒకమ్మాయి వచ్చింది. పేరు సాయిప్రియట. సత్యమూర్తి ఆచారి గారి మనవరాలట. ఆ పేరు వినగానే గణపతిరావు చేతిలో నోటుపుస్తకం మూసి బల్ల మీద పెట్టేశాడు.

"శుక్రవారం మావాడికి అన్నప్రాసన, అంకుల్. తాతగారు చేసిన చెంచాతోనే తినిపించాలని మా అమ్మ ఒకటే జిద్. ఆయన పని వెనక చిన్న చేప ఉంటాదంట కదా? ఇది పక్కా ఆయనదే అని రుఆబాంధా కాలనీలో ఒక ఆంటీ ఇచ్చారు. కానీ దీని మీద చేప లేదు, మీ కొట్టు బోర్డు మీదున్న తామర ముద్రే ఉంది."

చేతిలోకి తీసుకున్నాడు. భూతద్దం అక్కర్లేకపోయింది. తామర పక్కన చిన్న పల్లం, అందులో వాలుగా గీతలు.

గణపతిరావుది పుర్రచేతి వాటం. "శుభకార్యాల వెండి పుర్రచేత్తో ముట్టుకుంటావేటిరా?" అని అందరూ తరిమేసిన రోజుల్లో, సత్యమూర్తి ఆచారి ఒక్కడే "వెండికి కుడేటి, ఎడమేటి? కూకోరా" అని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. గురువు పోయాక కొట్టు పెడితే, వచ్చినవాళ్లంతా చేప ముద్ర ఉన్నది ఉందా అనే అడిగేవారు. ఒళ్లు మండేది. అందుకని మెరుగు పెట్టమని ఇచ్చిన చెంచాల మీద చేపని ఆకురాయితో గీకేసి, పక్కన తన తామర కొట్టి పంపించేవాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే కాదూ? ఛీ!

"మతలబ్... అంటే, ఇది మీరు చేసిందేనా, అంకుల్?"

"ఆఁ... నాదేనమ్మా."

"అంచు ఎంత నున్నగా తీశారో! పిల్లాడి చిగుళ్లకి అసలు తగలదు," అంది మనస్ఫూర్తిగా. చెంప ఛెళ్లుమనిపించినా ఆయన అంత సిగ్గుపడేవాడు కాదు.

సాయిప్రియ బల్ల మీది నోటుపుస్తకం ఒక్కో పేజీ తిప్పింది. చివరిదాకా తిప్పింది.

"మా తాతగారిది ఏదీ?"

"లేదమ్మా."

"అయితే ఆయన అంత గొప్ప పనివాడేం కాదన్నమాట. అమ్మ ఊరికే చెప్పుకుంటుంది, పాపం."

చెంచా సంచీలో వేసుకుని, పిల్లాణ్ణి సర్దుకుని మెట్టు దిగింది. గణపతిరావు ఇక కూర్చోలేకపోయాడు.

"ఆగమ్మా! అది మీ తాతదే. ఆ గీతలు సూడు. కుడిచేతోడు గీకితే అలా వాలవు. ఈ క్యాంప్ మొత్తానికి పుర్రచేత్తో ఆకురాయి పట్టినోణ్ణి నేనొక్కణ్ణే. చేపని నేనే గీకేశాను. ఇదొక్కటే కాదు, నా చేతికొచ్చిన ప్రతీదీ."

ఆ అమ్మాయి మెట్టెక్కి వచ్చి, నోటుపుస్తకంలో ఖాళీ పేజీ తీసి ఆయన ముందుకు తోసింది.

"అయితే గీయండి. వీడు పెద్దయ్యాక చూపించాలి."

గణపతిరావు పెన్సిల్ అందుకున్నాడు. ఒళ్లు గీశాడు, కన్ను పెట్టాడు. అక్కడితో చెయ్యి ఆగిపోయింది. ఎక్కడెక్కడి షావుకార్ల ముద్రలైనా కళ్లు మూసుకుని గీయగల మనిషికి, ఆ చేప తోక ఎటు తిరిగి ఉండేదో గుర్తు రాలేదు.

"గీకేటప్పుడు ఏనాడూ సరిగా సూడలేదమ్మా," అన్నాడు తలెత్తకుండా.