కామేశ్వరరావు గారు ముట్టని భోజనం

మొన్న సింగపూర్ సెంబవాంగ్‌లో తెలుగు నాటకానికి వెళ్తే, దీపాలు ఆర్పగానే వెనక వరుసలో ఎవరో జంతికల పొట్లం విప్పారు. ఆ గరగరకి నా ప్రాణం ఉసూరుమంది. కామేశ్వరరావు గారు బతికుంటే ఒక్కసారి గొంతు సవరించుకునేవారు. జంతిక నోట్లోనే నానిపోయేది.

ఆయన కాకినాడలో ఓ పత్రికకి నాటక సమీక్షలు రాసేవారు. వై టూ కే రోజుల్లో వాళ్ళావిడ సరళ గారికి సింగపూర్ బ్యాంకొకదాంట్లో ఐటీ ఉద్యోగం రావడంతో కలం జేబులో పెట్టుకుని వెంట వచ్చేశారు. ఆవిడ ఆఫీసుకి, ఈయన లిటిల్ ఇండియాకి, తోటకూర కోసం. ఇక్కడి తెలుగువాళ్ళ మాసపత్రికలో సమీక్షలు మాత్రం మానలేదు. అవి టైపు చేసిపెడుతూ నేనాయనకి శిష్యుణ్ణయ్యాను.

నాటకం అయ్యాక నటుల ఇళ్ళ నుంచి వచ్చిన వంటలతో అందరికీ భోజనాలు పెట్టేవారు. ఆయన ముట్టేవారు కాదు. "రాసేదాకా వాళ్ళ ఉప్పు తినకూడదయ్యా. తింటే కలం మొహమాటపడిపోతుంది" అంటూ ఓ మూల కూర్చుని సొంత డబ్బాలో పెరుగన్నం తినేవారు. ఒకసారి మాత్రం గుత్తివంకాయ వాసనకి తట్టుకోలేక, అక్కడే నిలబడి సమీక్ష రాసేసి మరీ విస్తరి ముందు కూర్చున్నారు. అంత పొట్టి సమీక్ష ఆయన మరెప్పుడూ రాయలేదు.

ఓ ఏడాది సరళ గారే వేషం వేశారు. "ఈసారి నువ్వు రాయి. నేను రోజూ తినేది ఆవిడ జీతమే కదా" అన్నారాయన.

"నా జీతం కూడా ఆవిడ చేతిలోనే ఉంది కదా అంకుల్!"

"నీకు ఇప్పిస్తుంది. నాకు పెడుతుంది. తేడా లేదూ?"

ఆవిడ మా టీమ్ లీడ్. డాట్ కామ్ కంపెనీలు వరసగా మూతపడుతున్న రోజులవి. నా కాంట్రాక్టు పొడిగించమని ఆవిడ రాయకపోతే నేను పెట్టె సర్దుకోవాల్సిందే. నాటకంలో ఆవిడ, కొడుకు పోయాడన్న కబురు భర్తకి చెప్పాలి. మీటింగులో సర్వర్ ఆగిపోయిందని చెప్పినంత తాపీగా చెప్పారు. ఆ రాత్రి భోజనం చెయ్యకుండా ఇంటికొచ్చి, సరిగ్గా అదే రాశాను.

పత్రిక వచ్చిన మర్నాడు ఆవిడ నన్ను గదిలోకి పిలిచి తలుపేశారు.

"ఆ సర్వర్ మాట నీదా, ఆయనదా?"

"నాదేనండీ."

"అమ్మయ్య! ఆయనదైతే ఇవాళ ఇంట్లో కురుక్షేత్రమే." నా మొహం చూసి నవ్వేశారు. "నీ కాంట్రాక్టు కాయితం మొన్ననే పంపేశాన్లే. ఇది చదివాక అయితే ఏం చేసేదాన్నో నాకే తెలీదు."

గండం గడిచిందని గురువుగారికి ఫోన్ చేశాను. ఆయన ఆ సంగతి పట్టించుకోనేలేదు.

"బాగానే రాశావు. కానీ కబురు చెప్పాక గుమ్మం దగ్గర ఆగి, కొడుకు కూర్చునే ఖాళీ కుర్చీ వైపు చూసింది. ఆ చూపు ఎంత బావుందయ్యా! నువ్వు తప్పులేరుకుంటూ కూర్చున్నావు, అది చూళ్ళేదు."

"ఆంటీకి చెప్పారా?"

"నేనెలా చెప్తాను? నువ్వు చెప్పు."

చెప్పాను. ఆవిడ మానిటర్ వైపు తిరిగి ఏదో టైపు చేసి, చెరిపేశారు. తర్వాత, "కుర్చీ వైపు అన్నారా?" అని అడిగారు.

ఇప్పటికీ ఎంత నాసి నాటకమైనా, అలాంటి చూపు ఒక్కటి దొరికేదాకా నేను లేచి రాలేను.