అర్బాబ్ వాళ్లమ్మ, కారవాన్ హీటరు

పోయిన వారం మా అర్బాబ్, అంటే మా యజమాని, ఫోన్ చేసి, కారవాన్ల ఉన్న పాత థర్మోస్టాట్ తీసేసి సెల్‌ఫోన్‌తో నడిచేది పెట్టమన్నడు. ఒమన్‌ల సోహార్ పట్నంల మా వర్క్‌షాప్ ముందటికి బండి వచ్చింది. కారవాన్ అంటే లోపల మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉండే బస్సు లాంటి బండి. చలిదేశాలోళ్లు చేసింది గదా, దాంట్ల గ్యాస్ హీటర్ గూడ ఉంటది, వేడిని బట్టి దాన్ని నడిపి ఆపేదే థర్మోస్టాట్. స్క్రూలు విప్పి ఆ చిన్న డబ్బాను చేతిలకు తీసుకున్న, ఇగ చెయ్యి అక్కడ్నే ఆగింది. పదకొండేండ్ల కింద దాన్ని గోడకు బిగించింది నేనే. తప్పుగ బిగించింది గూడ నేనే.

అప్పటికి నేను వర్క్‌షాప్‌కు వచ్చి రెండు నెలలు. అంతకు ముందు మూడేండ్లు సైట్ల ఇనుప రాడ్లు వంచుడే పని. జగిత్యాలల ఏసీ పని నేర్చిన అని చెప్పుకొని, కాళ్లా వేళ్లా పడి ఎండల నుంచి నీడకు వచ్చిన. మూడు నెలలల్ల పని చూపియ్యకపోతే మళ్ల సైట్‌కే అని సూపర్‌వైజర్ మొదటి రోజే చెప్పిండు. ఆ ఎండ సంగతి తెలిసినోళ్లకు చెప్పే పనిలేదు, తెలియనోళ్లకు చెప్పినా నమ్మరు. అందుకే అర్బాబ్ వచ్చి "హీటర్ మాలూమ్?" అని అడిగితే "మాలూమ్" అన్న. మా గల్ఫోళ్లది అదో రోగం. ఇంజన్ మాలూమ్? మాలూమ్. వంట మాలూమ్? మాలూమ్. ఒంటె పాలు పిండుడు వచ్చునా అని అడిగినా అదే మాట అంటం. నిజం చెప్పాలంటే నేను ఆ రోజుదాక హీటర్ మొఖం చూడలే. ఈ దేశంల చల్లబెట్టుడే గని, వేడి చేసుడు ఎవలికి కావాలె?

కావాల్సింది అర్బాబ్ వాళ్లమ్మకు. పెద్ద వయసు ఆడవాళ్లను ఇక్కడ మర్యాదకు హజ్జా అంటరు, నేనూ అట్లనే పిలిచేటోణ్ని. ఆమె పుట్టింది జబల్ షమ్స్ కొండ మీద ఒక చిన్న ఊర్ల. ఎనభై దాటినయి, చలి పడదు, అయినా పోయేలోపల ఒక్కసారి మా ఊరు చూస్తనని మొండికేసింది. హీటర్ నడిస్తేనే పోదాం, లేకుంటే బండి వెనక్కి తిప్పుత అని కొడుకు షరతు పెట్టిండు. ఉన్న థర్మోస్టాట్ తిప్పుడు బిళ్లది, ఒకసారి కాల్చి చంపేది, ఒకసారి చప్పుడే చెయ్యకపోయేది. దాన్ని పీకేసి అంకెలు కనపడే కొత్తది పెట్టిన. తెర మీద మంచు గుర్తు వెలిగింది. ప్రతి ఏసీ రిమోట్ మీద ఉండేదే గదా, అది కనపడ్డదంటే మా కంటికి అంతా మంచిగున్నట్టే. ఇరవై నాలుగు మీద పెట్టంగనే హీటర్ బుస్సుమని లేచింది. ముప్పై డిగ్రీల ఉక్కల అర్బాబ్ చెమటలు తుడుసుకుంట "తమామ్" అన్నడు, అంతా బాగున్నదని. నేను మీసం మెలేసిన.

నన్ను గూడ వెంట తీసుకపోయిండ్రు. పైకి చేరెటాల్లకు పొద్దు గూట్లె పడ్డది. అమ్మో, అదేం చలి! అర్బాబ్ బయట మాంసం కాల్చుటానికి నిప్పు రాజేస్తుండు. లోపల హజ్జా, నేను. హీటర్ ఉలుకదు, పలుకదు. ఇరవై ఆరు పెట్టిన, ముప్పై పెట్టిన. ఊహూ. అంత చలిల నాకు చెమట పట్టింది. అప్పుడే అర్బాబ్ తలుపు తీసి, "ఇంత చల్లగున్నదేంది? హీటర్ నడుస్తలేదా?" అన్నడు. ఇగ నా పని అయిపోయింది అనుకున్న. ఆమె నా మొఖం చూసింది, కొడుకు మొఖం చూసింది.

"నేనే బందు చెయ్యమన్న. ఉక్కపోస్తుంది నాకు," అన్నది. ఆ మాట అంటుంటే ఆమె దవడలు వణుకుతున్నయి.

అర్బాబ్ తల ఊపుకుంట పోయిండు. తలుపు పడంగనే, "ఇగ బాగు చెయ్యి," అన్నది నాతోని. చెయ్యాలంటే తెలవాలె గదా! "నాకు తెల్వదు హజ్జా," అన్న. ఒమన్‌ల నేను ఆ మాట అన్నది అదే మొదటిసారి. ఆమె నవ్వి, నాకింత కావా, అంటే అరబ్బుల కాఫీ, పోద్దామని ఫ్లాస్కు మూత తీసి, గోడ డబ్బా కింది అర మీద పెట్టింది. ఆవిరి పోయి డబ్బాకు తగిలింది. బుస్సున హీటర్ లేచింది! వేడి తగిలితే నడుసుడేంది? అప్పుడు పడ్డది నా కన్ను మంచు గుర్తు మీద. దాన్ని నేను ఏసీ లెక్క పెట్టిన. వేడెక్కితే నడుస్తది, చల్లబడితే ఆగుతది. వర్క్‌షాప్ ఉక్కల నడిచింది అందుకే. డబ్బా వెనక మీట ఇటుది అటు జరిపిన. మంచు పోయి మంట గుర్తు వచ్చింది. పది నిమిషాలల్ల హజ్జా శాలువా తీసి పక్కన పెట్టింది.

తెల్లారి ఆమెను ఊర్లకు నడిపించుకపోయినం. మొండి గోడలే మిగిలినయి. ఒక గడప మీద కూసొని ఆ రాయిని చేత్తో నిమురుకుంట, పొద్దెక్కేదాక లేవలే. కొడుకు దూరంగ పోయినంక నన్ను పిలిచి పక్కన కూసోమన్నది. "తెల్వదని చెప్తే ఎవలూ చంపరు బిడ్డా," అన్నది. మళ్ల ఆ ఊసే ఎత్తలే.

నేను సైట్‌కు పోలే. ఇప్పుడు ఆ వర్క్‌షాప్‌కు పెద్ద మెకానిక్‌ను. కొత్తగ వచ్చినోడు ఎవడన్న "నాకు రాదన్నా" అంటే, వానికే ముందుగల పని నేర్పిస్త. అర్బాబ్‌కు ఆనాటి సంగతి ఇప్పటికీ తెల్వదు. మూడు చలికాలాలు గడిచినంక హజ్జా పోయింది. రుణం అనే మాట చిన్నది, ఆమెకు నేను మొక్కుత, అంతే. కన్నకొడుకుతోని ఆ అబద్ధం ఆడనీకి ఆమెకు ఒక్క క్షణం పట్టింది. పదకొండేండ్ల సంది నేను ఆ క్షణంలనే బతుకుతున్న.