అమ్మ బదులు చెప్పకూడని ఐదు నిమిషాలు

ఈ రోజు అమ్మని గుండె పరీక్షకి ఏలూరు తీసుకెళ్లాను. పది రోజులుగా గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. గుండె పైగదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతున్నాయన్నారు డాక్టరు గారు. ఆ వణుకు గీత చాలా సన్నదట, కిందిగదుల పెద్ద గీతల మధ్య కలిసిపోతుందట. కంప్యూటర్ ఆ పెద్దవాటిని తీసేసి సన్నదాన్ని విడిగా చూపించాలంటే ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి.

వైర్లన్నీ అంటించి, "మాట్లాడకండమ్మా" అన్నారు టెక్నీషియన్.

"అలాగేనండి" అంది అమ్మ.

గీత చెదిరింది. మళ్లీ మొదలు. "పెదవి కూడా కదపకండమ్మా."

"అయ్యో, కదపనండి."

ఎదుటివాళ్లు ఏదైనా అంటే బదులివ్వకుండా ఉండటం మా ఊరు గుండుగొలను వాళ్ల వల్ల కాదు. మూడోసారీ అంతే. అసలే భయంతో ఉన్నానేమో, "నోరు మూసుకో అమ్మా!" అని అందరి ముందూ అరిచేశాను.

నాలుగోసారి ఆయన ఏమీ అనకుండానే బటన్ నొక్కారు. అంతా అయ్యాక "లేవండమ్మా" అన్నారు. అమ్మ కళ్లు తెరవలేదు. పిలిచాను, పలకలేదు. భుజం పట్టి కుదిపితే నాకేసి చూసి, "ఇప్పుడు మాట్లాడొచ్చాండీ?" అంది.

కన్నకూతుర్ని 'అండీ' అంది.

రిపోర్టు సోమవారం ఇస్తారు. మర్యాదస్తుల్ని ఐదు నిమిషాలు ఊరుకోబెట్టే ఉపాయం మీకేమైనా తెలిస్తే చెప్పండి, పాపం ఆ టెక్నీషియన్ గారికి పనికొస్తుంది. నేనైతే బస్సులో ఊరొచ్చేదాకా అమ్మ ఆపకుండా మాట్లాడుతుంటే, ప్రతి మాటకీ "ఊఁ" కొడుతూ కూర్చున్నాను.