అక్క చెప్పిన తొంభై ఒకటి

తొంభై ఒకటి కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. బస్సు మీద కనబడినా ముఖం తిప్పుకుంటాను. నవ్వేవాళ్ళు నవ్వండి, నాకేం.

మెట్‌పల్లిలో మా ఇంటి నిండా సాంచెల, అంటే మరమగ్గాల చప్పుడే. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. మగ్గానికి కావలసిన నూలు కండెలు చుట్టడం అవ్వ పని, వాటిని డబ్బాలో పేర్చడం అక్క పని. ఆ పేర్చడంతోనే అక్క నాకు లెక్కలు నేర్పింది. కండెలన్నీ సమాన వరసల్లో కుదిరితే సంయుక్త సంఖ్య. ఎలా పేర్చినా మిగిలిపోతుంటే ప్రధాన సంఖ్య. మా డబ్బాలో ఆరు వరసలే పట్టేవి కాబట్టి అక్క ఆరు దాకానే చూసేది. తొంభై ఒకటి కుదరలేదు. "గిది ప్రధాన సంఖ్యే, రాస్కో" అంది. ఆ చలికాలమే జ్వరమొచ్చి అక్క చనిపోయింది. పదో తరగతి పరీక్ష కూడా రాయలేదు.

అప్పటి నుంచి అవ్వది ఒకటే మాట. "నా పెద్దబిడ్డ లెక్క ఎన్నడు తప్పలే." ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది. తొంభై ఒకటి సంగతి తర్వాత బడిలో నాకు తెలిసింది. అయినా అవ్వ ముందు నోరు మెదిపే ధైర్యం ఎవరికుంది?

కరెంటు పోయి సాంచెలన్నీ ఒక్కసారి ఆగిన మధ్యాహ్నాల్లో, డబ్బా ఉన్న మూల నుంచి ఎవరో కండెలు పేరుస్తున్నట్టు చప్పుడు వినబడేది. నాకు భయంతో చెమటలు పట్టేవి. "ఎల్కలే, ఫికర్ చెయ్యకు" అనేవాడు బాపు. ఆయన మాత్రం ఆ మూలకు పోయేవాడా? పోడు!

మొన్న నా బిడ్డ పరీక్షకు చదువుకుంటూ తొంభై ఒకటి దగ్గర ఆగింది. పక్కనే ఉన్న అవ్వ ఠక్కున అందుకుంది. "ప్రధాన సంఖ్య. మీ పెద్దమ్మ చెప్పింది."

ఊరుకుంటే బిడ్డ తప్పు రాస్తుంది, చెబితే అవ్వ కుమిలిపోతుంది. చివరికి "ఏడు పదమూళ్ళు తొంభై ఒకటి" అన్నాను మెల్లగా.

అవ్వ తలెత్తలేదు. "నాకెర్కే" అంది. "అది పోయినంక నేలమీద పేర్చి చూసిన. ఏడు వరసలల్ల కుదిరింది. ఎవ్వలకు చెప్పలే."

"ఎందుకు చెప్పలే అవ్వా?"

"తప్పని చెప్తే దిద్దుకునేతందుకు అదేడున్నదే?"

నాకు ఏడుపు ఆగలేదు. నా బిడ్డ పెన్సిల్ పట్టుకొని మా ఇద్దరినీ బిత్తరపోయి చూస్తోంది. అవ్వ దాన్ని దగ్గరకు లాక్కుంది.

"నువ్వున్నవ్ గద బిడ్డా. నువ్వు దిద్దుకో."