ఉస్తా చెప్పని ముక్క

“గేటేసినావా?” అని అడిగాడాయన. “ఏసినాను ఉస్తా” అన్నాను. జ్వరంతో మంచం పట్టిన మనిషి కళ్ళు మూసుకున్నాడు, మళ్ళీ తెరవలేదు. మా ఇద్దరి మధ్య అవే చివరి మాటలు. ఈ పొద్దున వానకు తడిసిన గడ్డి వాసన రాగానే అవి గుర్తొచ్చాయి. అందుకే మేనకోడలా, నిన్ను కాగితం తెమ్మన్నాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు కదా.

ఆయనది టర్కీ. ఇక్కడ మలేషియాలో, సుంగై సిపుట్ ఊరి దగ్గర గుర్రపుశాలలో గుర్రాలకు నడక నేర్పేవాడు. ఉస్తా అంటే వాళ్ళ భాషలో పనిలో గురువు. నేను లద్ది ఎత్తడానికి చేరాను. మా ఆయన పోయిన నెలకే మా అత్త నా మూట గుమ్మం బయట పెట్టి, “ఇంక నీకు అడ్డెవులున్నారే? నీ ఇష్టమొచ్చిన కాడికి ఎల్లు” అన్నది. అలా వచ్చాను. గుర్రాన్ని సమీపించే ముందు గొంతు వినిపించాలని, వెనక నుంచి పోకూడదని ఆయనే నేర్పాడు. మేము మలాయి భాషలో మాట్లాడుకునేవాళ్ళం. ఆయన మాటలు నా యాసలోనే చెబుతాను, మాట చివర ఇక్కడివాళ్ళు తగిలించే ‘లా’ మాత్రం ఉంచి.

టీ తాగుతూ వాళ్ళ దేశపు గుర్రాల సంగతి చెప్పేవాడు. చలికాలంలో పొలం పని ఉండదు, మేత చాలదు. ఊరివాళ్ళు గుర్రాలను కొండల్లోకి వదిలేసేవారట. బతికినవాటిని మంచు కరిగాక పట్టి తెచ్చుకునేవారు. దొరకనివి మందలు కట్టి తిరిగేవి. “కళ్ళెం నేదు, జీను నేదు. పరిగెడితే నేల అదురుతాది లా!” అనేవాడు. నాకు అదే స్వర్గమనిపించేది.

మా శాలలో బులూత్ అనే ముసలి ఆడగుర్రం ఉండేది. ఉస్తా భాషలో బులూత్ అంటే మబ్బు. దానికి కాలు కుంటుపడింది. మేత దండగ, సోమవారం లారీ వస్తుందన్నాడు యజమాని. ఆ లారీ ఎక్కిన గుర్రం తిరిగి రాదు. ఆదివారం తెల్లవారగానే గేటు తీశాను. అది కదలలేదు. కొమ్మ విరిచి రెండు దెబ్బలు వేసి పామాయిల్ తోటలోకి తోలాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

“బులూత్ ఏది?” అన్నాడు ఉస్తా.

“ఒగ్గీసినాను. మీ కొండ గుర్రాల్లాగ బతుకుతాది.”

ఆయన గేటు వైపు చూశాడు. “నీకో ముక్క సెప్పనేదు. మా అయ్య కూడా మా ముసలి గుర్రాన్ని మంచులోకి తోలీసినాడు. మూడ్రోజులు తిరిగొచ్చి తలుపుని డెక్కతో కొట్టింది. అయ్య నన్ను తలుపు తియ్యనీనేదు. నాలుగోరోజు సప్పుడు నేదు. ఒగ్గెయ్యడమంటే ఏటనుకున్నావు? గెంటీసి, దానికో మంచి పేరెట్టడం.”

మధ్యాహ్నం దాకా వెతికాం. తోట కాలవలో కాళ్ళు దిగబడి, ఒళ్ళంతా జలగలతో నిలబడి ఉంది. కొట్టిన చేయి నాదే. అయినా నా భుజం మీదే మూతి ఆనించింది. మా అత్త నన్నన్న మాటనే నేను దాన్ని కొమ్మతో అన్నానని అప్పుడు తెలిసింది. ఏడ్చాను.

సోమవారం లారీకి ఉస్తా అడ్డం నిలబడ్డాడు. “దాన్నెక్కిస్తే నన్నూ ఎక్కించండి.”

“పిచ్చి ముసలోడా! అయితే మేత నువ్వే కోసుకో లా” అని యజమాని తిట్టిపోశాడు. ఇద్దరం కోశాం. బులూత్ మరో మూడేళ్ళు బతికి, మా చేతుల్లోనే పోయింది. ఆ ఆదివారం నుంచి ఆయన రోజూ గేటు సంగతి అడగకుండా పడుకోలేదు.

నిరుడు మా అత్తను మిగతా కొడుకులు “నీకు నచ్చినచోట ఉండు” అన్నారట. సంచీతో నా గుమ్మంలోకి వచ్చి, “ఏటే, రానిస్తావా?” అన్నది. ఆ పాత కోపం నాకు పోలేదు. పోయిందని అబద్ధం రాయించను. “అన్నం తిన్నావా?” అని అడిగి, సంచీ నేను అందుకున్నాను.

ఏదీ, రాసినదంతా ఒకసారి చదివి వినిపించు. అత్త ముక్క దగ్గర మాత్రం గొంతు తగ్గించు. పక్క గదిలోనే పడుకుంది.