కాటా మీది పచ్చ గీత

చిత్తూరు శివార్లలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా నడిపే ముబారక్‌ను నిజాయితీపరుడనేవారు ఎందరో ఉన్నారు. మొండివాడనేవారు అంతకంటే ఎక్కువ. రెండింటికీ ఆధారాలున్నాయి. ఆ ముబారక్ ఒకసారి మూడు వారాలపాటు ఊరందరి కళ్లెదుట ఒక అబద్ధం నడిపాడు. దాన్ని దాచి అతని గురించి రాయడం న్యాయం కాదు.

తండ్రి కాశిం సాహెబ్ నలభై ఏళ్లు తక్కెడలు బాగుచేశాడు. మరమ్మతు పూర్తయ్యాక పళ్లేలు అటుదిటు మార్చి, యజమాని ఎదుటే మళ్లీ తూచి చూపించేవాడు. కొడుకు కంప్యూటర్ డిప్లొమా చదివి, కాటాకు ప్రోగ్రాం తానే రాశాడు. ట్రాక్టరు ఇనుప పలక మీదికి ఎక్కిన రెండు సెకండ్లలో అంకె నిలిచేది, చీటీ బయటికి వచ్చేది. చిక్కంతా అక్కడే మొదలైంది. పాత కాటా ముల్లు అటూ ఇటూ ఊగి ఊగి నిలిచేది. ఆ ఊగడం చూడటం తన హక్కని రైతు భావించేవాడు.

“ఏమప్పా, బండి ఎక్కీ ఎక్కకముందే చీటీ ఇస్తా ఉండావు? ముందే రాసి పెట్టుకోనుండావా?” అని కుప్పుస్వామి నిలదీశాడు. ఆయన తమిళనాడు సరిహద్దు నుంచి ఏటా సొంత ట్రాక్టరుతో కాయ తోలుకొచ్చే మనిషి.

“కంప్యూటర్ తూకం అట్లే ఉంటాదన్నా.”

“మా ఊరి బ్యాంకులో కంప్యూటరు సూడు, అరగంట తిరగతాది. నీదేం కంప్యూటరప్పా?”

బండికో పావుగంట ఈ వాదమే నడిచేది. విసిగిన ముబారక్ తెర మీద ఒక ప్రోగ్రెస్ బార్ పెట్టాడు. ఎడమ నుంచి కుడికి పచ్చ గీత నిండుతుంది. పక్కన శాతం పెరుగుతుంది. కింద ‘తూకం సరిచూస్తున్నాం’ అని ఉంటుంది. అలాంటి గీత ధర్మం ఒక్కటే: పని ఎంత అయిందో, ఎంత మిగిలిందో చెప్పడం. ఇక్కడ మిగిలిన పని ఏదీ లేదు. గీత వెనుక ఉన్నది పన్నెండు సెకండ్ల గడియారం మాత్రమే.

తగవులు ఆ రోజే ఆగిపోయాయి. గీత సగానికి వచ్చేసరికి కొందరు తలగుడ్డ తీసేవారు. రెండెకరాల తోట ఉన్న ఆనందమ్మ ఆ పన్నెండు సెకండ్లూ నోరు మెదిపేది కాదు. రోజు మొత్తంలో ఆమె పాటించే మౌనం అదొక్కటేనని అందరూ ఒప్పుకునేవారు. ఒకనాడు కంప్యూటరు మొరాయించి గీత ఇరవై సెకండ్లు తీసుకుంది. కుప్పుస్వామి అనుకున్నదానికంటే కాయ ఎక్కువ తూగింది. ఆ ఒక్క నిదర్శనంతో ఆయన ఒక సూత్రం స్థాపించాడు: గీత నిదానిస్తే బరువు పెరుగుతుంది.

మర్నాటి నుంచి, “మాది రవ్వంత నిదానంగా పోనియ్యప్పా” అనేవారు బయలుదేరారు.

కాశిం సాహెబ్ ఒకరోజు వచ్చి చూశాడు. “లేని ముల్లును ఆడిస్తా ఉండావే, బేటా.”

“జనం నెమ్మదిగా ఉండారు గదా, అబ్బాజాన్.”

“నిద్రమందు ఏసినా నెమ్మదిగానే ఉంటారు.”

జూన్ మూడో వారానికి ట్రాక్టర్ల వరస పెద్ద రోడ్డెక్కింది. మేనేజరు భానుచందర్ తొందరపెట్టడంతో ముబారక్ పన్నెండును నాలుగు చేశాడు. ఆ తరువాత పలక ఎక్కిన మొదటి బండి వడమాలపేట చెంగయ్యది. అంకె ఏడు వేల ఐదు వందల ఇరవై కేజీలు చూపింది. చెంగయ్య జేబులోంచి మరో చీటీ తీశాడు. రెండు రోజుల కిందట బయలుదేరే ముందు తమ ఊరి దగ్గర తూయించిన అదే బండి బరువు అది. ఆ చీటీలో నూట ఇరవై కేజీలు ఎక్కువ ఉంది.

“ముందు బండి కుప్పుస్వామిది. దానికి పన్నెండు లెక్కపెట్టినాను. నాకు నాలుగే ఇచ్చినావు! ఆ ఎనిమిదిలోనే నా నూటిరవై కేజీలూ పోయినాయి!”

“సెకండుకు పదహైదు కేజీలు,” అని వెనకాల ఎవరో తేల్చారు. భాగహారం సరైనదే. తక్కినదంతా తప్పు.

చెంగయ్య పలక మీదినుంచి బండి దించనన్నాడు. వెనుక అరవై ట్రాక్టర్లు, ఎండలో మెత్తబడుతున్న కాయ. భానుచందర్ ముబారక్ చెవిలో, “వైరస్ వచ్చిందని చెప్పి, పన్నెండు పెట్టి మళ్లీ తూయప్పా. గొడవ వదిలిపోతాది,” అన్నాడు. గొడవ వదిలిపోయేదే. కానీ గీతే బరువిస్తుందన్న భ్రమకు కాటా ముద్ర పడిపోయేది. నిజం చెబితే ఉద్యోగం మాట అటుంచి, తక్కెడల కాశిం కొడుకన్న పేరు మిగలదు. ముబారక్ తెరను జనం వైపు తిప్పాడు.

“ఈ గీత వెనకాల ఏమీ లేదన్నా. నేనే పెట్టినాను. ఊరికే పోతాది.”

జనం తెర దగ్గరికి తోసుకొచ్చారు.

“అంటే మూడు వారాలుగా ఊరికేనే నా నోరు కట్టేసినావా?” అంది ఆనందమ్మ.

“గీత అబద్ధమైతే తూకం నిజమని యెట్ల నమ్మేది?” అన్నాడు చెంగయ్య. ఆ ప్రశ్న న్యాయమైనది.

ముబారక్ కీబోర్డు ఆయన చేతికే ఇచ్చాడు. గీత లేకుండా తూచారు. నాలుగు సెకండ్లతో తూచారు. నిమిషం నడిపి తూచారు. మూడుసార్లూ ఏడు వేల ఐదు వందల ఇరవయ్యే. దీనివల్ల గీతకు బరువుతో సంబంధం లేదని మాత్రమే రుజువైంది. కాటా సరైనదని కాదు. అందుకు కాశిం సాహెబ్‌కు కబురు వెళ్లింది. ఆయన సర్కారు ముద్ర ఉన్న ఇనుప తూకపు రాళ్లు, ఒక్కొక్కటి ఇరవై కేజీలవి, మొత్తం ఇరవై, ఒక ఆటోలో వేసుకొచ్చి, చెంగయ్య చేతనే పలక మీద పెట్టించాడు. నాలుగు వందలు పెరగాలి. నాలుగు వందల డెబ్బై పెరిగింది.

“దొరికినాడు!” అని కేక లేచింది.

“కుప్పుస్వామీ, నువ్వు దిగప్పా,” అన్నాడు కాశిం సాహెబ్.

తెర బాగా కనపడాలని పలక అంచు మీద నిలబడ్డ కుప్పుస్వామి కిందికి దిగాడు. అంకె సరిగ్గా ఏడు వేల తొమ్మిది వందల ఇరవై దగ్గర నిలిచింది.

ఇక నూట ఇరవై కేజీలు ఏమైనట్టు? కాయ రెండు రోజులు ఎండలో నీరు కోల్పోయింది. వరసలో నిలబడ్డవారు చెంగయ్య బండిలోంచి కాయలు తీసి ఉప్పూకారంతో తిన్నారని ఆనందమ్మ సాక్ష్యం చెప్పింది. తాను తిన్నవి మూడేనని కూడా చెప్పింది.

“అయితే నా బరువు కాటా మింగలా, వరస మింగింది,” అన్నాడు చెంగయ్య. బండి ఎక్కబోతూ ఆగాడు. “ఈడ నాలుగు సెకండ్లకు గీత పెట్టినావు. ఆడ రెండు దినాలు నిలబడితిమే, దానికి గీత యేదప్పా?”

ముబారక్ దానికి జవాబు రెండు రోజుల్లో తయారుచేశాడు. కాటాలోని గీత తీసేసి, గేటు దగ్గర పాత మానిటరు ఒకటి తగిలించాడు. ఆ రోజు టోకెన్లు ఎన్ని, కాయ దిగిన బండ్లు ఎన్ని, మిగిలినవి ఎన్ని. బండి దిగితేనే ఆ గీత జరుగుతుంది.

మొదటి రోజు మధ్యాహ్నం అది ముప్ఫై ఒకటి దగ్గర గంటసేపు కదల్లేదు. జనం గేటు బాదడం మొదలుపెట్టారు. భానుచందర్ పరుగున వచ్చాడు.

“ఒక్క గీటు జరపప్పా, శాంతిస్తారు.”

“బండి దిగలేదు, సార్.”

“దిగినట్టు చూపించు!”

“దింపించండి సార్, అదే చూపిస్తాది.”

మేనేజరు అతని మొహమూ గేటూ మార్చి మార్చి చూశాడు. తరువాత ఫోను తీసి, అన్నానికి వెళ్లిన హమాలీల కోసం ఆగకుండా రెండో జట్టును పిలిపించాడు. పావుగంటకు గేటు బయటినుంచి, అంకెలు చదవగలిగిన ఆనందమ్మ గొంతు అందరికీ వినిపించింది: “ముప్పై రెండు!”