సరిపోయింది అనని ఈశ్వరప్ప

పెనుకొండలో కాలిన మోటర్లు చుట్టే ఈశ్వరప్ప ఒక ఇంజనీరింగ్ కాలేజీని నాలుగు నెలలపాటు తన అంగట్లో కట్టేసుకున్నాడు. కాలేజీ మొత్తం అంటే కాస్త ఎక్కువైనట్టుంది. భవనాలు హిందూపురం దగ్గరే ఉండిపోయాయి, ప్రిన్సిపాలూ కదల్లేదు. కానీ నలుగురు ఆఖరి సంవత్సరం పిల్లల్ని, వాళ్ళు వాడుకునే ఎక్కడో దూరదేశపు కంప్యూటర్ని ఆయన కట్టేసుకున్న మాట ముప్పాతిక నిజం. మిగతా పాతిక ఎవరి నమ్మకం వాళ్ళది.

ఈశ్వరప్పకు యాభై ఎనిమిదేళ్ళు. భార్య రామలక్ష్మమ్మ పోయి ఆరేళ్ళయింది, పిల్లల్లేరు. సోమందేపల్లి దిక్కు పల్లెల్లో బోరు మోటరు కాలిందంటే ఆయన దగ్గరికే వస్తుంది. కాలిన తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి పంపిస్తాడు. మోటరు ఆయన దగ్గరున్నన్నాళ్ళూ అక్కడ చేను ఎండుతుంటుంది కాబట్టి రైతుకు కుదురుండదు. పొద్దున లేస్తే ఫోన్లే.

“ఏమబ్బా, అయ్యిండాదా?” అని సోమందేపల్లి యల్లప్ప రోజుకు నాలుగుసార్లు అడిగేవాడు. మోటరు సంగతి ఒక్క మాటలో తేలేది. ఆ తరువాత టమోటాకు తెగులు పట్టిందనీ, బామ్మర్ది పలకడం మానేశాడనీ అరగంట నడిచేది. ఈశ్వరప్ప ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వింటూనే తీగ చుట్టేవాడు. పెట్టేశాక, “ఈ ఫోన్లతో నా ప్రాణం పోతాండాది” అని వీధంతా వినేలా విసుక్కునేవాడు.

మిక్సీ మోటరు బాగుచేయించుకోవడానికి వచ్చిన మాధవీలత ఆ విసుగు విన్నది. ఆమె ఆ కాలేజీలో సాఫ్ట్‌వేర్ పాఠం చెబుతుంది. ఆమె లెక్కన పాఠమంటే పుస్తకం కాదు. పిల్లలు నిజమైన మనిషి కోసం పనికొచ్చే ఆప్ చెయ్యాలి. రెండు వారాలకు ఒక ముక్క చేసి ఆ మనిషికి చూపించాలి. మార్చమంటే ముఖం ముడుచుకోకుండా మార్చాలి. ఆఖరున ఆయన నోటితో ‘సరిపోయింది’ అంటేనే మార్కులు.

అలా ఒక శనివారం నలుగురు పిల్లలు రైలు దిగి వచ్చారు. వాళ్ళకు పెద్ద రేఖ, ధర్మవరం పిల్ల. ఏం కావాలన్నా ఎందుకు కావాలో కూడా చెబితేనే కార్డు మీద రాసుకుంటామని ముందే చెప్పింది.

“నా మోటర్ల లెక్కల పుస్తకం యాడ పెడతారు పాపా?”

“క్లౌడ్‌లో మామా. అంటే మబ్బు అనుకో.”

“మన దిక్కు మబ్బుల్ని నమ్మి విత్తనమేసినోడు యాడా బాగుపడలేదమ్మా” అన్నాడు ఈశ్వరప్ప. హిందూపురం మనోజ్ నవ్వి స్టూలు మీంచి పడబోయాడు. ఆ అంగట్లో అంత నవ్వు విని ఆరేళ్ళయింది.

రెండో విడతకే అసలు పని అయిపోయింది. ప్రతి మోటరుకూ ఫోన్లో ఒక గుర్తు. చుట్టడం జరుగుతుంటే ఎరుపు, సిద్ధమైతే పచ్చ. ఈశ్వరప్ప నొక్కితే రైతుకు కనిపిస్తుంది. ఊరూరా రైతులు దాన్ని ఫోన్లలో వేయించుకున్నారు.

తరువాతి వారం ఫోను మోగలేదు.

మొదటి రోజు ఈశ్వరప్ప ఫోను చెడిపోయిందనుకుని పక్క అంగడివాడితో ఒకసారి చేయించి చూశాడు. బాగానే ఉంది. మూడో రోజు యల్లప్ప వచ్చాడు. “పచ్చగా కనపడె, వచ్చినా” అని మోటరు బైకుకు కట్టుకున్నాడు. బామ్మర్ది ఏమన్నాడని అడిగితే, “ఆ కత మళ్ళా చెప్తాలేప్పా” అని బండి తీశాడు. కాలిన వార్నిష్ వాసన మధ్య ఈశ్వరప్ప సాయంత్రం దాకా నోరు విప్పే పని లేకుండా కూర్చున్నాడు.

శనివారం పిల్లలు వచ్చి, “ఇంకేమైనా మార్పులుండాయా మామా?” అని అడిగారు.

ఉంటే మళ్ళీ వస్తారు. లేకపోతే రారు. అంత సంగతి ఆయనకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

“అక్షరాలు చిన్నగా ఉండాయి” అన్నాడు.

పెద్దవి చేసుకొచ్చారు. మరీ పెద్దగా ఉన్నాయన్నాడు. మోటరు ఫొటో కావాలన్నాడు. పెట్టాక, అన్ని మోటర్లూ ఒకే తీరుగా ఉన్నాయి, తీసెయ్యమన్నాడు. ఊళ్ళ పేర్లు వరసగా ఉండాలన్నాడు, ఆ వరస ఏదో మాత్రం మూడు శనివారాలు తేల్చలేదు. ఎందుకని అడిగితే ప్రతిసారీ “రైతులు అడిగినారు” అనేవాడు. పిల్లలకని శుక్రవారమే బొరుగులు తెచ్చి, ఉల్లిపాయ కోసి పెట్టుకునేవాడు.

“ఈ మామ మనల్ని కాయిల్ మాదిరి చుట్టేస్తాండాడు” అని మనోజ్ గొణిగాడు.

“మార్చమంటే మార్చాలని మేడమ్ చెప్పింది గదా, మూసుకో” అంది రేఖ. కానీ ఏప్రిల్ వచ్చేసరికి ఆమె ముఖమూ వాడింది. ఒక శనివారం అందరూ బయటికి వెళ్ళాక వెనక్కి వచ్చి నిలబడింది.

“మామా, వచ్చే వారం కాలేజీలో ఆఖరి ప్రదర్శన. నువ్వు సరిపోయిందంటేనే మేం పాసు. లేకుంటే మళ్ళా సంవత్సరం చేయల్ల. మా నాయన మగ్గం మీద కూర్చుని నన్ను చదివిస్తాండాడు.”

ఈశ్వరప్ప తల ఊపాడు. మాట మాత్రం ఇవ్వలేదు.

ప్రదర్శన రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని రైల్లో హిందూపురం పోయాడు. పెద్ద తెర మీద తన అంగడి పేరు చూసుకున్నాడు. పిల్లలు చెప్పాల్సిందంతా చెప్పాక మాధవీలత ఆయన వైపు తిరిగింది.

“ఏమైనా మిగిలిందాండీ?”

“ఒక్కటుండాది మేడమ్” అన్నాడు ఈశ్వరప్ప. రేఖ కళ్ళు మూసుకుంది. “ఆ పచ్చ గుర్తు తీసేయండి.”

“అది తీసేస్తే ఇంకేముంటుంది? ఎందుకు తీసెయ్యాలి?” అంది మాధవీలత.

రేఖ కార్డు తీసి పెన్ను పట్టుకుంది. రైతులు అడిగారని ఆయన నోటిదాకా వచ్చింది కానీ దాటలేదు.

“అది లేకుంటే మళ్ళా ఫోన్లు చేస్తారు” అన్నాడు మెల్లగా.

“అవి రాకుండా చేయాలనే గదా మామా ఇన్నాళ్ళూ చేసింది” అన్నాడు మనోజ్. గదంతా నవ్వింది. మాధవీలత నవ్వలేదు.

“నిజమేలే అప్పా. రాసుకోవద్దు పాపా” అన్నాడు ఈశ్వరప్ప. “సరిపోయింది.”

తిరుగు రైల్లో రేఖ దారి పొడుగునా ఉద్యోగాల గురించి చెబుతూనే ఉంది. పెనుకొండలో ఆయన దిగాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది. రైలు ధర్మవరం వైపు సాగిపోయింది. తరువాతి శుక్రవారం ఆయన బొరుగులు తేలేదు.

ఇప్పుడు ఊళ్ళో ఒక మాట తిరుగుతోంది. ఈశ్వరప్ప పొద్దున్నే పని ముగించిన మోటరును కూడా సాయంత్రం దాకా ఎరుపులోనే ఉంచుతాడట. “ఏమబ్బా, ఇంకా ఎర్రగానే ఉండాదే?” అని రైతు ఫోను చేస్తే, ఆ ఇంటి మంచిచెడ్డలన్నీ విన్నాక పచ్చ నొక్కుతాడట. యల్లప్ప బామ్మర్ది కథ అలాగే పూర్తిగా బయటికొచ్చిందంటారు.

ఇదంతా ఎదురుగా నిలబడి అడిగితే ఈశ్వరప్ప తీగ మీంచి తల ఎత్తలేదు.

“అంతా అబద్ధం. మోటరు అయిన గడియే పచ్చ నొక్కుతా. ఆ పిల్లోళ్ళు వచ్చింది రెండుసార్లు, నేను ఏమీ మార్చమన్లేదు. నాకు ఎవురితోనూ మాట్లాడే తీరిక ల్యా. పోప్పా, పనుండాది.”